ముందు లెక్క రాయండి, తర్వాత అడగండి

విదేశాల్లో స్వచ్ఛంద సేవకు వెళ్లాలని ఆశపడే యవ్వనస్థులు ఎక్కువగా రెండు చోట్ల ఆగిపోతారు. ఒకటి పాస్‌పోర్టు, వీసా, టీకాల దగ్గర. రెండోది డబ్బు అడగాల్సిన చోట. మొదటిచోట తెలియక ఆగుతారు, రెండోచోట సిగ్గుపడి ఆగుతారు. "దేవుని పని కోసమే కదా, సిగ్గెందుకు?" అని పెద్దలు ధైర్యం చెబుతారు. ఆ మాటతో సిగ్గు పోదు. పోనక్కర్లేదు కూడా, ఎందుకంటే ఆ సిగ్గులో న్యాయం ఉంది. ఎంత కావాలి, దేనికి కావాలి, ఎవరి ఖాతాలో పడుతుంది, తిరిగొచ్చాక ఎవరికి లెక్క చెప్పాలి? ఈ నాలుగూ తేలకుండా అడగాలంటే ఆత్మగౌరవం ఉన్న ఎవరికైనా నోరు రాదు. నాలుగూ కాగితం మీదికి వచ్చిన రోజున గొంతు దానంతట అదే స్థిరపడుతుంది. ఈ అధ్యాయమంతా ఆ కాగితం తయారుచేయడం గురించే.

మాటలు గాల్లో తేలకుండా ఒక ఉదాహరణ పెట్టుకుందాం. గుంటూరులో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ఆపరేషన్ థియేటర్ నర్సుగా పనిచేస్తున్న అమ్మాయి ఉందనుకోండి. మెర్సీ షిప్స్ ఓడ మీద మూడు నెలలు సేవ చేయాలని ఆమె కోరిక. మెర్సీ షిప్స్ 1978లో మొదలైన క్రైస్తవ సంస్థ. ఆసుపత్రి ఓడలను ఆఫ్రికా రేవులకు తీసుకెళ్లి పేదలకు ఉచితంగా శస్త్రచికిత్సలు చేస్తుంది. 174 మీటర్ల పొడవున్న 'గ్లోబల్ మెర్సీ' ఓడలో ఆరు ఆపరేషన్ థియేటర్లున్నాయి. అది 2023లో సియెర్రా లియోన్ రాజధాని ఫ్రీటౌన్ రేవుకు చేరింది. ఆ ఓడ మీద సర్జన్ దగ్గర్నుంచి వంటగదిలో పనిచేసేవాళ్ల దాకా దాదాపు అందరూ స్వచ్ఛంద సేవకులే. జీతం ఉండదు సరికదా, తమ తిండికీ వసతికీ నెలనెలా తామే రుసుం కట్టుకోవాలి. విమానం టికెట్టు, బీమా, టీకాల ఖర్చూ వాళ్లదే.

"పని చేసేదీ నువ్వే, డబ్బు కట్టేదీ నువ్వేనా?" ఇంట్లో మొదట వచ్చే ప్రశ్న ఇదే. జవాబు సిద్ధంగా ఉంచుకోండి. సేవకులు తమ ఖర్చు తాము భరిస్తేనే దాతలిచ్చిన సొమ్ము రోగికి చేరుతుంది. రోగి కోసం వచ్చిన కానుకలోంచి మన భోజనం ఖర్చు తీయకూడదన్నదే ఈ ఏర్పాటు.

ఈ దారి మనకు కొత్త కాదు

అడగడమంటే అడుక్కోవడమే అనే భావం మనసులో ఉన్నంతకాలం ఏ సలహా పనిచేయదు. కాబట్టి ముందు చరిత్ర చూద్దాం. డాక్టర్ అన్నా సారా కుగ్లర్ 1883లో అమెరికా నుంచి గుంటూరు వచ్చారు. అక్కడ స్త్రీలకూ పిల్లలకూ వైద్యం మొదలుపెట్టి, ఆసుపత్రిని నిలబెట్టారు. ఆ పని వెనక అమెరికాలోని లూథరన్ సంఘాల స్త్రీల సమాజాలు పోగుచేసి పంపిన కానుకలున్నాయి. గుంటూరు ముఖం ఎన్నడూ చూడని స్త్రీలు గుంటూరు తల్లుల కోసం ఇచ్చారు.

మనవాళ్లు పుచ్చుకోవడంతోనే ఆగిపోలేదు. 1903లో నెల్లూరు ప్రాంతపు తెలుగు బాప్టిస్టులు తమ హోమ్ మిషన్ సొసైటీ తరఫున జాన్ రంగయ్య గారిని దక్షిణాఫ్రికాలోని నేటాల్‌కు పంపారు. చెరకు, తేయాకు తోటల్లో ఒప్పంద కూలీలుగా వెళ్లిన తెలుగువాళ్లకు సొంత భాషలో కాపరి కావాలని పంపారు. ఆ ఏడాదే కియర్స్‌నీ తేయాకు తోటలో తెలుగు బాప్టిస్టు సంఘం ఏర్పడింది. మిజోరంలో క్రైస్తవ కుటుంబాలు వందేళ్లకు పైగా వంట చేసేటప్పుడల్లా పిడికెడు బియ్యం తీసి పరిచర్య కోసం పక్కన పెడుతున్నాయి. ఇచ్చే చెయ్యి చిన్నదే కావచ్చు, నిలకడగా ఇస్తే దూరదేశానికి మనిషిని పంపగలదు.

బైబిల్లోనూ ఇదే క్రమం కనిపిస్తుంది. స్పెయినుకు వెళ్లే దారిలో తనను సాగనంపమని పౌలు రోమా సంఘాన్ని ముందుగానే, బాహాటంగా అడిగాడు. యెరూషలేములోని బీదల కోసం చందా పోగుచేసినప్పుడు, ఎవరూ తప్పుపట్టే వీలు లేకుండా సంఘాలు ఎన్నుకున్న మనుషుల్ని తీతుతో కలిపి పంపాడు. కొరింథీయులకు రాసిన రెండో పత్రిక ఎనిమిదో అధ్యాయం ఈ దృష్టితో ఒకసారి చదవండి. అపొస్తలుడే సాక్షుల్ని పెట్టుకుని డబ్బు ముట్టుకున్నాడు. మనమూ అలాగే చేయాలి.

అక్కడివాళ్లకు ఏం కావాలో కనుక్కోండి

ప్రార్థనతోపాటు మూడు ప్రశ్నలకు రాతపూర్వకంగా జవాబులు రాబట్టండి. నన్ను పిలుస్తున్నది ఎవరు? నేను చేయబోయే పని అక్కడివాళ్లు చేయలేనిదా, లేక వాళ్ల కూలి పోగొట్టేదా? నేను వచ్చేశాక ఆ పని ఎవరు కొనసాగిస్తారు? మన నర్సు దగ్గర థియేటర్ అనుభవం ఉంది, ఓడలో ఆ ఖాళీ ఉంది. ఆమెకు జవాబులు తేలిగ్గా దొరుకుతాయి. గోడలకు రంగులు వేయడానికి పదిమంది జట్టు విమానమెక్కితే జవాబులు దొరకవు. ఆ టికెట్ల డబ్బుతో అక్కడి మేస్త్రీలకు చాలా రోజుల పని దొరుకుతుంది.

అనాథాశ్రమాల సందర్శన విషయంలో మరీ జాగ్రత్తగా ఉండాలి. నేపాల్, కంబోడియా వంటి చోట్ల అలాంటి ఆశ్రమాల్లో ఉన్న పిల్లల్లో చాలామందికి తల్లో తండ్రో బతికే ఉన్నారని తేలింది. సందర్శకుల కానుకలే పిల్లల్ని ఇళ్ల నుంచి ఆశ్రమాలకు లాగుతున్నాయని యూనిసెఫ్ లాంటి సంస్థలు హెచ్చరిస్తున్నాయి. రెండు వారాలు ముద్దుచేసి వెళ్లిపోయే మనుషులు ఆ పిల్లల మనసుకు మళ్లీ మళ్లీ గాయమే చేస్తారు. పిల్లల మధ్య పనిచేయాలనుంటే, కుటుంబాలతో కలిసి నడిచే పాఠశాలనో వైద్య శిబిరాన్నో ఎంచుకోండి. మీ పూర్వాపరాలు విచారించకుండా పిల్లల దగ్గరికి పంపే సంస్థను నమ్మకండి.

ఆ దేశపు చట్టం కూడా తెలుసుకోండి. నేపాల్ వెళ్లడానికి మనకు వీసా అక్కర్లేదు కాబట్టి మన సంఘాల జట్లకు అది దగ్గరి దారిలా కనిపిస్తుంది. కానీ అక్కడి 2015 రాజ్యాంగమే ఒకరి మతం మార్పించడాన్ని నిషేధిస్తోంది. శిక్షాస్మృతి ప్రకారం అయిదేళ్ల దాకా జైలు పడవచ్చు. మీరు తిరిగొచ్చేస్తారు, ఆ ఊళ్లో ఉండిపోయే విశ్వాసుల మీద కేసు పడుతుంది. మీ ఉత్సాహానికి వాళ్లు మూల్యం చెల్లించకూడదు.

ఏడాది ముందు నుంచి

ప్రయాణం తేదీ నుంచి వెనక్కి లెక్కపెట్టుకుంటూ రండి.

ఏడాది ముందు: సంస్థకు దరఖాస్తు, పాస్టర్ గారి సిఫారసు ఉత్తరం, పాస్‌పోర్టు తనిఖీ. తిరిగొచ్చే తేదీకి ఇంకా ఆరు నెలల గడువు మిగిలి ఉండాలి. సర్టిఫికెట్లలో పేరు, పాస్‌పోర్టులో పేరు ఒక్కలా ఉన్నాయా చూడండి. ఇంటిపేరు ఒకచోట పొడి అక్షరంగా, మరోచోట పూర్తిగా ఉండటం మనవాళ్లకు మామూలే. బాప్తిస్మపు పేరు ఒకటి, బడిలో పేరు మరొకటి అయితే ఇంకా చిక్కు. ఇప్పుడే సరిచేయించండి.

తొమ్మిది నెలల ముందు: నర్సింగ్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ రెన్యువల్, అనుభవ ధ్రువపత్రం, ఆసుపత్రిలో సెలవుకు రాతపూర్వక అనుమతి. ప్రభుత్వ ఉద్యోగులైతే శాఖ అనుమతి తప్పనిసరి. విదేశీ సంస్థ ఖర్చుతో బస, ప్రయాణం పొందేట్టుంటే దానికి కేంద్ర ప్రభుత్వ అనుమతి కూడా కావాలి.

ఆరు నెలల ముందు: ఏ రకం వీసాతో రావాలో సంస్థ చేత రాయించుకోండి. పర్యాటక వీసా మీద వెళ్లి పనిచేయడం చాలా దేశాల్లో నేరం, జీతం తీసుకోకపోయినా సరే. పాస్‌పోర్టు కార్యాలయం ద్వారా పోలీస్ క్లియరెన్స్ సర్టిఫికెట్‌కు దరఖాస్తు చేయండి.

మూడు నెలల ముందు: టీకాలు. సియెర్రా లియోన్‌లో అడుగుపెట్టాలంటే ఎల్లో ఫీవర్ టీకా పత్రం ఉండాలి. టీకా వేసిన పది రోజుల తర్వాతే ఆ పత్రం చెల్లుతుంది, ఆ తర్వాత జీవితాంతం పనికొస్తుంది. ఈ టీకా అన్ని ఆసుపత్రుల్లో వేయరు, గుర్తింపు పొందిన కేంద్రాల్లోనే వేస్తారు. హైదరాబాద్ నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్ అలాంటి కేంద్రం. పత్రం లేకుండా ఎల్లో ఫీవర్ ఉన్న దేశాల నుంచి తిరిగొస్తే మన విమానాశ్రయంలోనే ఆరు రోజుల దాకా విడిగా ఉంచవచ్చు. మలేరియా మాత్రలు డాక్టర్ని అడిగి మొదలుపెట్టండి.

వీటితోపాటు రోజూ అరగంట ఆ దేశం గురించి చదవండి. సియెర్రా లియోన్‌లో అంతర్యుద్ధం 2002లో ముగిసింది. 2014లో అక్కడికి చేరిన ఎబోలా ఎందరో వైద్య సిబ్బందిని బలి తీసుకుంది. జనం ఎక్కువగా మాట్లాడుకునేది క్రియో భాష. ఇవేవీ తెలియకుండా వెళ్లిన మనిషికి రోగి కళ్లలో భయం ఎందుకుందో అర్థం కాదు.

మూడు లక్షల కాగితం

ఇప్పుడు లెక్క. అంకెలు మీ ప్రయాణాన్ని బట్టి మారతాయి, పద్ధతి మాత్రం మారదు. మొత్తం ఖర్చు రూ. 3,00,000 అనుకుందాం. ఒక కాగితం మీద ఎడమవైపు ఖర్చులు రాయండి: టికెట్లు, వీసా, టీకాలు, అత్యవసర తరలింపు కూడా కలిసిన వైద్య బీమా, నెలవారీ రుసుం, చేతి ఖర్చు. మన వాళ్లు తరచూ మరిచేవి మరో మూడు: జీతం రాని నెలల్లో ఇంటికి పంపాల్సిన డబ్బు, రూపాయి విలువ పడిపోతే పెరిగే భారం, తిరిగొచ్చాక మళ్లీ జీతం అందేవరకు గడవాల్సిన రోజులు. తల్లిదండ్రులు మీ జీతం మీద ఆధారపడి ఉంటే వాళ్ల ఖర్చు ఈ లెక్కలో మొదటి వరుసలో ఉండాలి. అమ్మ మందులు ఆపి చేసే సేవను ఏ సంఘమూ దీవించకూడదు.

కుడివైపు రాబడి. మొదటి గీతలో మీ సొంత పొదుపు: రూ. 90,000. ఈ గీత ఖాళీగా పెట్టి ఎవరి దగ్గరికీ వెళ్లకండి. తర్వాత, నెలకు రూ. 500 చొప్పున ఎనిమిది నెలలు ఇచ్చే ముప్పైమంది: రూ. 1,20,000. రూ. 10,000 చొప్పున ఇవ్వగల అయిదుగురు: రూ. 50,000. స్త్రీల సమాజం, యవ్వనస్థుల కూడిక చేతిపనితో పోగుచేసేది: రూ. 40,000. మొత్తం మూడు లక్షలు.

ముప్పైమందిని అడగడం కష్టమనిపించి కొందరు ఒకే పెద్ద దాత కోసం చూస్తారు. అది ప్రమాదం. ఒక్కరే ఇస్తే ఆయన మనసు మారిన రోజున ప్రయాణం ఆగిపోతుంది. పైగా ఎక్కడికి వెళ్లాలో, ఏం చెప్పాలో ఆయనే నిర్ణయించే పరిస్థితి వస్తుంది. ముప్పైమంది ఇస్తే ముప్పై ఇళ్లలో మీ పేరున ప్రార్థన జరుగుతుంది.

చేతిపని అన్నది చిన్న విషయం కాదు. కోత పండుగ నాడు గుమ్మడికాయలూ కోళ్లూ వేలం పాడే అలవాటు మన సంఘాల్లో ఉంది. పెద్దల అనుమతి తీసుకుని ఆ రోజు ఒక బల్ల పెట్టుకోండి. క్రిస్మస్ ముందు అరిసెలు, కజ్జికాయలు, కేకులు చేసి అమ్మొచ్చు. ఇంటింటికీ తిరిగి బీపీ, షుగర్ పరీక్షలు చేసే శనివారాలు మన నర్సుకు అన్నిటికన్నా మంచి దారి. తాము నమ్ముతున్న చేతులు ఏ పని చేస్తాయో ఇచ్చేవాళ్లు కళ్లారా చూస్తారు.

ఎలా అడగాలి

వాట్సాప్ గ్రూపులో అందరికీ ఒకే సందేశం పెడితే ఎవరూ తమను అడిగారనుకోరు. ఇంటికి వెళ్లి, కూర్చుని అడగండి. ముందు పాస్టర్ గారికీ సంఘ పెద్దలకూ చెప్పి, వాళ్ల అంగీకారం తీసుకున్నాకే బయలుదేరండి. విశ్రాంత ఉపాధ్యాయుడి దగ్గరికి వెళ్లారనుకోండి, మాట ఇలా సాగొచ్చు:

"వందనాలండీ మాస్టారూ. వచ్చే జూన్ నుంచి మూడు నెలలు ఆఫ్రికాలో ఒక ఆసుపత్రి ఓడ మీద నర్సుగా పనిచేయడానికి నన్ను తీసుకున్నారు. జీతం ఉండదండీ, తిండి ఖర్చు కూడా మనమే కట్టుకోవాలి. అంతా కలిపి 3 లక్షలవుతుంది. 90 వేలు నేను దాచుకున్నాను. నెలకు 500 చొప్పున ఎనిమిది నెలలు ఇచ్చేవాళ్లు ముప్పైమంది కావాలి. అందులో మీరొకరు అవుతారేమోనని అడగడానికి వచ్చాను. లెక్క ఇదిగోనండీ, చూడండి. ఇప్పుడే చెప్పక్కర్లేదు, వచ్చే ఆదివారం కనిపిస్తాను. కుదరకపోయినా ఏమీ అనుకోను, నా కోసం ప్రార్థన చేయండి."

ఇంతే. ఎంత, ఎన్ని నెలలు, నేనెంత వేస్తున్నాను, ఎప్పుడు జవాబు కావాలి అన్నవన్నీ ఇందులో ఉన్నాయి. కాదనడానికి దారి కూడా ఉంది. ఆ దారి మూసేయకండి. "దేవుడు మీతో మాట్లాడుతున్నాడు, ఇవ్వండి" అని ఎవరితోనూ అనకండి. ఇచ్చేవాళ్ల మనస్సాక్షితో దేవుడు మాట్లాడతాడు, ఆ చోటు మనది కాదు. కూలి పని చేసుకునే ముసలమ్మ వంద రూపాయలు ఇస్తే మొహమాటపడి తిప్పి పంపకండి. రసీదు రాసి, రెండు చేతులా తీసుకోండి. ఆవిడ పేరు కూడా పెద్ద దాతల పేర్ల వరుసలోనే రాయండి.

చట్టం గీసిన గీతలు

విదేశాల్లో ఉన్న పరిచయస్తులు పంపుతామంటే సంతోషంతో ఖాతా నంబరు ఇచ్చేయకండి. విదేశీ విరాళాల నియంత్రణ చట్టం 2010 ప్రకారం విదేశీ సంఘం, విదేశీ సంస్థ, విదేశీ పౌరసత్వం ఉన్న వ్యక్తి ఇచ్చేది విదేశీ విరాళం. అమెరికా పౌరులైపోయిన మన ఊరివాళ్లూ, ఓసీఐ కార్డు ఉన్నవాళ్లూ ఈ లెక్కలోకే వస్తారు. భారత పాస్‌పోర్టు ఉన్న ప్రవాసులు తమ సంపాదనలోంచి బ్యాంకు ద్వారా పంపేది దీని కిందికి రాదు. చట్టం గుర్తించిన దగ్గరి బంధువులు విదేశీ పౌరులైనా ఇవ్వొచ్చు, ఏడాదికి 10 లక్షలు దాటితే ప్రభుత్వానికి తెలపాలి. విదేశీ విరాళం తీసుకోవడానికి ఈ చట్టం కింద రిజిస్ట్రేషన్ ఉన్న సంస్థ ఖాతాలో వేయించి మీకు మళ్లించే దారి కూడా లేదు. 2020 సవరణ ఆ బదిలీని నిషేధించింది. విదేశీ మిత్రులకు నిజంగా సాయం చేయాలనుంటే, తమ దేశంలోనే ఆ సేవా సంస్థకు నేరుగా ఇవ్వమనండి.

ఆదాయపు పన్ను సంగతీ ఉంది. బంధువులు కానివాళ్ల నుంచి ఒక ఆర్థిక సంవత్సరంలో అందిన డబ్బు రూ. 50,000 దాటితే, దాటిన భాగమే కాక మొత్తమంతా మీ ఆదాయంగా లెక్కిస్తారు. సంఘం ట్రస్టు ద్వారా నడపాలనుకుంటే, ట్రస్టు సొమ్ము దేశం బయట ఖర్చయినప్పుడు పన్ను మినహాయింపుకు వేరే నిబంధనలున్నాయి. అందుకే మొదటి రూపాయి తీసుకునేముందే ఆడిటర్‌ను కలవండి. వ్యక్తికి ఇచ్చిన డబ్బుకు అందరూ 80జీ అని పిలిచే మినహాయింపు రాదు, వస్తుందని ఎవరికీ మాట ఇవ్వకండి. ఈ ప్రయాణానికే వేరే బ్యాంకు ఖాతా తెరవండి. సంఘ కోశాధికారి, మరో పెద్ద నెలకోసారి ఆ పాస్‌బుక్ చూసేలా ఏర్పాటు చేసుకోండి.

ఫోటో తీసేముందు

నిధుల కోసం ఫోటోలు పంపాలన్న ఒత్తిడి అక్కడికి వెళ్లాక మొదలవుతుంది. ఈ విషయంలో మనకు ఎవరూ పాఠం చెప్పక్కర్లేదు. మన మిషన్ హాస్టళ్లలో చదివినవాళ్లు ఈ సంఘాల్లో ఎందరో ఉన్నారు. పలక పట్టుకుని నిలబడి ఫోటో దిగినవాళ్లు, ఎన్నడూ చూడని స్పాన్సర్‌కు క్రిస్మస్ ఉత్తరం రాసినవాళ్లు మన ఇళ్లలోనే ఉన్నారు. ఆ సాయం వాళ్లను చదివించింది. అదే సమయంలో తమ పేదరికం పరాయి ఇంటి గోడ మీద వేలాడిందన్న బాధ కొందరిలో ఉండిపోయింది. వాళ్లను అడగండి. మీరు ఫ్రీటౌన్‌లో కెమెరా ఎప్పుడు తీయాలో, ఎప్పుడు జేబులో పెట్టుకోవాలో వాళ్లు చెప్పగలరు.

నియమం తేలిక. మీ అమ్మ ఆసుపత్రి మంచం మీద ఉన్నప్పుడు ఏ ఫోటో తీయనివ్వరో అది అక్కడా తీయకండి. రోగి ఒప్పుకున్నా సంస్థ నియమం ఒప్పుకోకపోతే ఆగిపోండి. నెలకో ఉత్తరం రాయండి. మీరు చేసిన పని, నేర్చుకున్నది, ప్రార్థించాల్సిన విషయం, ఖర్చు ఎంతయింది అన్నవి చాలు. రోగుల కన్నీళ్లు అమ్మకపోయినా దాతలు మీతోనే ఉంటారు.

తిరిగొచ్చాక

వచ్చిన నెలలోపే సంఘం ముందు సాక్ష్యం చెప్పండి, అదే రోజు లెక్క కాగితం గోడకు అంటించండి. మిగిలిన డబ్బు ఏం చేయాలో వెళ్లేముందే రాసిపెట్టుకోవాలి: తర్వాత వెళ్లేవాళ్ల ఖాతాకా, సంస్థకా, ఇచ్చినవాళ్లకు తిరిగా. మీ సాక్ష్యంలో కథానాయకులు ఎవరో చూసుకోండి. అక్కడి నర్సుల పేర్లు, వాళ్ల దగ్గర మీరు నేర్చుకున్న పని చెప్పకుండా మీ త్యాగం ఒక్కటే చెబితే, వినేవాళ్లకు ఆ దేశం గురించి జాలి తప్ప ఏమీ మిగలదు.

ఇంకో పని ఉంది. మీరు దాటిన దారిని మరొకరికి చూపించండి. మీ బడ్జెట్టు, దరఖాస్తులు, టీకాల జాబితా ఒక ఫైల్లో పెట్టి సంఘానికి ఇవ్వండి. తర్వాత వెళ్లే నర్సుకో, ఎలక్ట్రీషియన్‌కో నెలకు 500 ఇచ్చే ముప్పైమందిలో మొదటి పేరు మీదై ఉండాలి.

ఈ వారం చేయాల్సినవి

1. పాస్‌పోర్టు గడువు, అందులో మీ పేరు, సర్టిఫికెట్లలో పేరు పక్కపక్కన పెట్టి చూడండి.

2. వెళ్లాలనుకునే సంస్థకు పైన చెప్పిన మూడు ప్రశ్నలు రాసి పంపండి.

3. ఖర్చులు ఎడమవైపు, రాబడి కుడివైపు ఉన్న కాగితం తయారుచేసి, కుడివైపు మొదటి గీతలో మీ సొంత అంకె వేయండి. దాన్ని ముందు ఇంట్లో చూపించండి.

4. పాస్టర్ గారిని, కోశాధికారిని కలిసి, లెక్కలు చూసే బాధ్యత తీసుకోమని అడగండి.

5. ముప్పైమంది పేర్లు రాయండి. ఒక్కొక్కరి కోసం ప్రార్థించండి. ఇంకా ఎవర్నీ అడగకండి.

ఈ అయిదూ అయ్యాక మొదటి ఇంటి తలుపు తట్టండి. అప్పుడు మీరు ఎవరి దయ కోసమో ఎదురుచూసే మనిషిలా వెళ్లరు. సంఘం చేయాల్సిన పనిలో ప్రతి ఇంటికీ దాని వంతు చూపించే మనిషిలా వెళతారు. నెల్లూరు విశ్వాసులు తమ మనిషిని నేటాల్‌కు సాగనంపినట్టే మిమ్మల్నీ సాగనంపే అవకాశం వాళ్లకు ఇవ్వండి.